కొత్త వెర్షనులోనికి పాత అమరికలు తెచ్చుకొనే విధము

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారు ఇచ్చే సాధారణ మద్దతు ముగిసినది. దానితో మనవారి ఇండ్లలో పాత కంప్యూటరు మార్చటమో, ఉన్నదానిలోనే విండోస్ 11 వేయించటమో జరుగుతున్నది. కంప్యూటరుతో పాటు జకార్డు డిజైను గీసే ప్రోగ్రాములు, అట్టల దుకాణమునకు పంపే ఫైళ్లు తయారు చేసే ప్రోగ్రాములు కూడ కొత్త వెర్షనులకు మారుతున్నవి. ఈ మార్పులో నష్టపోయిన వారిలో మేము కూడ ఒకరము. అందుచేత షోలాపూరులో ఉన్నా, సేలములో ఉన్నా, దొడ్డబళ్లాపురము, బరంపురము, యానాములలో ఉన్నా, ఇంట డిజైను పని చేసుకొనే మన కుటుంబములవారు ఈ నాలుగు మాటలు చదివి, ఆ తరువాతనే కంప్యూటరు మీద చేయి వేయవలెనని కోరుతున్నాము.

ముందుగా మా ఇంట జరిగిన సంగతి చెప్పుతాము.

మా మగ్గము మీద అంగుళానికి పడుగు 80 పోగులు, పేక 60 పోగులు. చీర ఒంటిలో అంగుళము కొలతగల రుద్రాక్ష బుటా వేయవలెనన్న, అడ్డముగా 80 హుక్కులు, నిలువుగా 60 అట్టలు సరిపోతవి. ఈ లెక్క మా పిల్ల కొన్నేండ్ల క్రిందట ప్రోగ్రాములో ఒకసారి అమర్చినది. అప్పటినుంచి కొత్త డిజైను తెరిస్తే చాలు, తెర మీది గడులు వాటంతట అవే కాస్త నిలువు పొడుగుగా కనిపించేవి. ఎందుకనగా పోగు వెడల్పు అంగుళములో 80వ వంతు, పేక ఎత్తు 60వ వంతు. ఆ గడులలో గీసిన గుండ్రము గుడ్డ మీద కూడ గుండ్రముగానే దిగేది. ఆ అమరిక ఒకటి ఉన్నదనే సంగతే మేము మరచిపోయినాము.

తరువాత ఆ ప్రోగ్రాము కొత్త వెర్షను వచ్చినది. వేయించుకొన్నాము. పాత డిజైనులన్నీ చక్కగా తెరుచుకొన్నవి, సంతోషించినాము. ఆ వారములోనే కొత్త రుద్రాక్ష బుటా గీసి, అట్టలు కొట్టించి, మగ్గమునకు ఎక్కించినాము. మూడు వరుసలు నేసిన తరువాత మా ఇంటి పెద్దామె మగ్గము పక్కకు వచ్చి చూచి, "ఇది రుద్రాక్షా, కోడిగుడ్డా?" అన్నది. కొలిచి చూచినాము. వెడల్పు అంగుళము, పొడుగు అంగుళము మీద మూడవ వంతు. కొత్త వెర్షను మా 80, 60 లెక్కను వదలి, పడుగుకు పేకకు ఒకే లెక్క పెట్టుకొన్నది. తెర మీద గడి చదరమైనది. చదరపు గడులలో గీసిన గుండ్రము అడ్డము 80, నిలువు 80 అయినది. 60 అట్టలు చాలిన చోట 80 కొట్టించినాము. ఆ 80 పేకలు గుడ్డలో అంగుళము మీద మూడవ వంతు దాకా సాగినవి. అట్టల ఖర్చు పోయినది. చీరను సరియైన వెలకు అమ్మలేకపోయినాము. గడులు చదరముగా కనిపించినప్పుడే అనుమానించవలసినది. కాని తెర మీద బొమ్మ గుండ్రముగా, అందముగా కనిపిస్తూ ఉండగా ఎవరికి అనుమానము వస్తుంది?

ఆ ప్రోగ్రాము వ్రాసి ఇచ్చిన వ్యక్తి చిన్నపాటి వ్యాపారి, పేరుతో పని లేదు. "మీ అమరికలు ఎక్కడికీ పోలేదు, మీ కంప్యూటరులోనే ఉన్నవి" అని ఆయన చెప్పినప్పుడు మాకు కోపము వచ్చినది. వెదికి చూస్తే ఆయన చెప్పినది నిజమే. పాత 80, 60 లెక్క చెక్కు చెదరకుండ అక్కడే ఉన్నది, కొత్త వెర్షను దానివంక చూడలేదంతే. ఇది ఎట్లా జరుగుతుందో తెలుసుకొంటే తక్కినదంతా సులభము.

ప్రోగ్రాము ఒకచోట ఉంటుంది. మనము గీసిన డిజైనులు మరొకచోట ఉంటవి. ఈ రెండూ మనకు కనిపించేవే. మూడవది అమరికలు, పిల్లలు సెట్టింగులు అనేవి. పడుగు పేక లెక్క, హుక్కుల సంఖ్య, కొలత అంగుళములలోనా సెంటీమీటర్లలోనా, నూలు రంగుల పట్టిక, డిజైనులు దాచుకొనే ఫోల్డరు పేరు, ప్రింటరు కొలత, ఇటువంటివన్నీ ఆ మూడవచోట ఉంటవి. విండోస్‌లో ఈ చోటు పేరు యాప్‌డేటా. ప్రతి వాడుకరి పేరు క్రింద ఇది ఒకటి ఉంటుంది. మామూలుగా కంటికి కనిపించకుండ దాచి ఉంచుతారు కాబట్టి చాలమంది దీనిని చూచి ఉండరు. కీబోర్డు మీద విండోస్ గుర్తుగల మీటను, ఆర్ అక్షరమును కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో శాతము గుర్తు, యాప్‌డేటా అన్న మాట, మళ్లీ శాతము గుర్తు ఇంగ్లీషు అక్షరములతో ఎడము లేకుండ కొట్టి ఎంటరు నొక్కితే దానిలోని రోమింగ్ అనే గది తెరుచుకొంటుంది. ఒక మెట్టు పైకి పోతే పక్కనే లోకల్ అనే గది కనిపిస్తుంది. మన అమరికలు సాధారణముగా ఈ రెండు గదులలో ఏదో ఒకదానిలో ఉంటవి.

మా ప్రోగ్రాము మైక్రోసాఫ్టు వారి డాట్‌నెట్ పద్ధతిలో వ్రాసినది. ఆ పద్ధతిలో అమరికలు లోకల్ గదిలో, తయారు చేసిన వారి పేరు క్రింద, ప్రోగ్రాము పేరు క్రింద, దాని క్రింద వెర్షను సంఖ్య పేరుతోనే ఒక ఫోల్డరులో పడతవి. ఫైలు పేరు యూజర్ డాట్ కాన్ఫిగ్. కిటుకు అంతా ఇక్కడే ఉన్నది. వెర్షను సంఖ్య మారగానే ప్రోగ్రాము కొత్త సంఖ్యతో వేరొక ఫోల్డరు చూసుకొంటుంది. అది ఖాళీ. ఖాళీ కాబట్టి వ్రాసినవారు మొదట పెట్టిన లెక్కలతోనే ప్రారంభిస్తుంది. పాత ఫోల్డరులోని అమరికలను తెచ్చుకొమ్మని ప్రోగ్రాము వ్రాసేవారు ఒక్క పంక్తి ఆజ్ఞ వ్రాయవలెను. దాని పేరు అప్‌గ్రేడ్. అది కూడ కొత్త వెర్షను మొదటిసారి తెరిచినప్పుడు ఒక్కసారే జరిగేట్టు ఒక గుర్తు పెట్టవలెను. లేకపోతే మనము కొత్తగా మార్చుకొన్న వాటి మీద పాతవి మళ్లీ మళ్లీ వచ్చి పడతవి. మా వ్యాపారి ఆ ఒక్క పంక్తి మరచిపోయినాడు.

ఈ పద్ధతిలో ఇంకొక చిక్కు ఉన్నది. డిజిటల్ సంతకము లేని ప్రోగ్రాము అయితే, అది కంప్యూటరులో ఏ ఫోల్డరు నుంచి నడుస్తున్నదో ఆ చోటును బట్టి కూడ అమరికల ఫోల్డరు పేరు మారుతుంది. కాబట్టి పాతది ఒక డ్రైవులో ఉండగా కొత్తది వేరొక డ్రైవులో పెడితే, ఆ ఆజ్ఞ వ్రాసి ఉన్నా పాతవి దొరకవు. చిన్న వ్యాపారుల వద్ద ప్రోగ్రాము తీసుకొనేవారు రెండు విషయములు అడగవలెను. పాత అమరికలు వాటంతట అవి వస్తవా? పాతది ఉన్న చోటనే కొత్తది పెడతారా? అడిగితే చిన్నతనము ఏమీ లేదు.

మన పనిలో దీనికి సరిపోయే పోలిక ఒకటి ఉన్నది. పడుగు అయిపోయినప్పుడు మనము ఏమి చేస్తాము? పాత పడుగు కొసలను పన్నెలోను, జకార్డు దారముల కళ్లలోను ఉండనిచ్చి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాత కొసలకు అతుకుతాము. వేళ్లకు కాస్త బూడిద అద్దుకొని మెలిపెట్టి, మెల్లగా ముందుకు లాగుతాము. ఆ కొసలు లేకుండ చేస్తే వేల పోగులను మళ్లీ మొదటినుంచి కళ్లలోకి, పన్నెలోకి ఎక్కించుకోవలెను. అమరికలు ఆ పాత కొసలవంటివి. అతికేదాకా వాటిని కోయకూడదు. కంప్యూటరు బాగు చేసే కుర్రవాడు వచ్చి, "అంతా తుడిచి కొత్తగా వేస్తాను, డిజైనులు మాత్రము పెన్‌డ్రైవులో పెట్టుకోండి" అంటాడు. అతడు మంచివాడే, కాని కొసలు కోసేది అతడే.

అన్ని ప్రోగ్రాములూ ఒకే విధముగా చేయవు. డబ్బు లేకుండ దొరికే గింప్ అనే బొమ్మల ప్రోగ్రాము మన డిజైనరులలో కొందరికి పరిచితమే. దాని 2.10 వెర్షను 2018లో వచ్చినది, 3.0 వెర్షను 2025 మార్చిలో వచ్చినది. ఇది కూడ వెర్షనుకొక ఫోల్డరు పెట్టుకొంటుంది. రోమింగ్ గదిలో గింప్ పేరు క్రింద 2.10 అని ఒకటి, 3.0 అని ఒకటి ఉంటవి. అయితే ఇది బుద్ధిగలది. కొత్త వెర్షను మొదటిసారి తెరిచినప్పుడు పాత ఫోల్డరు ఉన్నదేమో చూచి, ఉంటే అందులోని కుంచెలు, రంగుల పట్టికలు, అమరికలు నకలు చేసుకొంటుంది. ఇక్కడ జాగ్రత్త పడవలసినది, అది మొదటిసారి మాత్రమే అట్లా చేస్తుంది. కొత్త కంప్యూటరులో ఆత్రముగా గింప్ తెరిచి చూచి, ఆ తరువాత పాత ఫోల్డరు తెచ్చి పెడితే అది పట్టించుకోదు, తన కొత్త ఫోల్డరు అప్పటికే తయారై ఉన్నది కనుక. కాబట్టి ముందు పాత ఫోల్డరును దాని చోట పెట్టి, ఆ తరువాతనే ప్రోగ్రామును మొదటిసారి తెరవవలెను. ఇప్పటికే తెరిచినవారు ప్రోగ్రాము మూసి, కొత్త ఫోల్డరు పేరు మార్చి పక్కన పెట్టి, మళ్లీ తెరిస్తే సరిపోతుంది. ఇంకొక మాట. 2.10లో వాడిన చిన్న చేర్పు ప్రోగ్రాములు, ముఖ్యముగా పాత పైథాన్ భాషలో వ్రాసినవి, 3.0లో ఉన్నవి ఉన్నట్లు నడవవు. వాటి మీద ఆధారపడి పని చేసేవారు పాత వెర్షను కూడ కొంతకాలము ఉంచుకోవటము మేలు.

లిబ్రే ఆఫీసు వారి పద్ధతి దీనికి విరుద్ధము. 2013లో 4.0 వెర్షను వచ్చినప్పుడు వారు అమరికల ఫోల్డరుకు 4 అని పేరు పెట్టినారు. ఆ తరువాత 5, 6, 7 వెర్షనులు వచ్చినవి, 2024 నుంచి సంవత్సరమును బట్టి 24.2 వంటి సంఖ్యలు వచ్చినవి, ఫోల్డరు పేరు మాత్రము 4గానే ఉండిపోయినది. లెక్కల పట్టికలు అందులో వ్రాసుకొనేవారికి దీనితో బాధ తక్కువ. కాని పాతది కొత్తది ఒకే పెట్టెలో చేయి పెడతవి కాబట్టి, వెర్షను మార్చే ముందు ఆ ఫోల్డరుకు ఒక నకలు తీసి ఉంచుకోవలెను.

ఇంతవరకు చెప్పినది అమరికలు రాకపోవటము గురించి. వచ్చి కూడ మోసము చేసేవి ఉన్నవి. అవి ఇంకా ప్రమాదము. సంఖ్య అదే ఉంటుంది, దాని అర్థము మారుతుంది.

దీనికి ఇంక్‌స్కేప్ ప్రోగ్రాము మంచి ఉదాహరణ. 2017 జనవరిలో వచ్చిన 0.92 వెర్షనుకు ముందు అందులో అంగుళానికి 90 చుక్కలు లెక్క. 0.92 నుంచి, వెబ్ ప్రమాణములకు అనుగుణముగా, అంగుళానికి 96 చుక్కలు చేసినారు. పాత లెక్కలో 4 అంగుళముల అంచు అనగా 360 చుక్కలు. ఆ 360ని కొత్త లెక్కలో చదివితే 3 అంగుళముల ముప్పాతిక అవుతుంది. పావు అంగుళము అంచు తగ్గినట్లే. పాత ఫైలు తెరిచినప్పుడు ప్రోగ్రాము దీనిని గుర్తించి ఎట్లా మార్చవలెనో అడుగుతుంది. చాలమంది ఆ ప్రశ్న చదవకుండ ఏదో ఒక మీట నొక్కుతారు. మేమూ నొక్కినవారమే. తరువాత 2020లో 1.0 వెర్షను వచ్చినప్పుడు మరొకటి మారినది. అంతకు ముందు నిలువు కొలత కాగితము అడుగు నుంచి పైకి లెక్కించేవారు. 1.0 నుంచి, మనము ప్రత్యేకముగా మార్చుకొంటే తప్ప, పైనుంచి క్రిందికి లెక్క. "అంచు గీత అడుగు నుంచి 3 అంగుళములు" అని పుస్తకములో వ్రాసుకొన్నవారు 3 అని కొడితే, గీత పైనుంచి 3 అంగుళములకు పోయి కూర్చుంటుంది. సంఖ్యలో తప్పు లేదు, గీత మాత్రము కొంగు వైపు చేరినది.

అమరికలలో దారులు కూడ ఉంటవి. "డిజైనులు ఫలానా డ్రైవులో ఫలానా ఫోల్డరులో ఉన్నవి, నూలు రంగుల పట్టిక ఫలానా చోట ఉన్నది" అని ప్రోగ్రాము జ్ఞాపకము పెట్టుకొంటుంది. కొత్త కంప్యూటరులో ఆ డ్రైవు లేకపోవచ్చును, వాడుకరి పేరు వేరు కావచ్చును. అప్పుడు అమరిక వచ్చినా పాత ఇంటి చిరునామాకు ఉత్తరము వ్రాసినట్లే. ప్రింటరు సంగతి కూడ చూసుకోవలెను. గ్రాఫు కాగితము మీద అచ్చు తీసేవారికి, కొలత నూటికి నూరు అని ఉన్నది కాస్తా "కాగితమునకు సరిపెట్టు" అని మారితే, గడులు కుదించుకొనిపోతవి. స్కేలు పెట్టి కొలవనిదే తెలియదు.

ఇక చేయవలసిన పని. అన్నిటికన్న ముందు ఒక నోటుపుస్తకము తీసుకొని, పాత వెర్షను తెరిచి, అమరికల పేజీలన్నీ ఒక్కొక్కటే చూచి లెక్కలు వ్రాసుకోవలెను. వ్రాసే ఓపిక లేకపోతే ప్రతి పేజీకి ఫోనుతో ఫోటో తీసుకోవచ్చును. ఇది మరీ పాతకాలపు ఉపాయమని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఏ వెర్షను మారినా, ఏ ఫైలు చెడిపోయినా, పుస్తకములో వ్రాసిన 80, 60 చెడిపోదు.

తరువాత ప్రోగ్రామును పూర్తిగా మూయవలెను. చాల ప్రోగ్రాములు మూసేటప్పుడే అమరికలను వ్రాసి పెడతవి, తెరిచి ఉండగా తీసిన నకలులో నిన్నటి లెక్కలే ఉండవచ్చును. మూసిన తరువాత అమరికల ఫోల్డరు మొత్తము పెన్‌డ్రైవులోకి నకలు తీసి, దానికి ప్రోగ్రాము పేరు, వెర్షను సంఖ్య, తేదీ పెట్టవలెను. నూలు రంగుల పట్టిక విడిగా ఒక ఫైలుగా ఉంటే అది వేరుగా కూడ దాచవలెను. గింప్ వాడే రంగుల పట్టిక ఫైలును ఇంక్‌స్కేప్ కూడ చదువుతుంది. అటువంటి చిన్న ఫైళ్లు ఏ వెర్షనుకైనా సులభముగా తరలిపోతవి, కాబట్టి సంచి మొత్తము రాకపోయినా రంగులు దక్కుతవి.

కొత్త వెర్షను వేసిన తరువాత, ప్రోగ్రాములోనే ఎగుమతి, దిగుమతి అన్న సౌకర్యము ఉంటే దానినే వాడవలెను. ఫొటోషాప్‌లో పాత వెర్షను నుంచి ప్రీసెట్లు తెచ్చుకొనే ఏర్పాటు మెనూలోనే ఉన్నది. కోరల్‌డ్రాలో పని బల్ల అమరికను ఫైలుగా తీసి మళ్లీ ఎక్కించుకోవచ్చును. ఇటువంటిది లేనప్పుడు మాత్రమే పాత ఫైలును తీసుకొనిపోయి కొత్త ఫోల్డరులో పెట్టే సాహసము చేయవలెను. అది కూడ కొత్త ఫైలుకు వేరే పేరు పెట్టి పక్కన ఉంచిన తరువాతనే. పాత ఫైలు సరిపడక ప్రోగ్రాము తెరుచుకోకపోతే, దానిని తీసివేసి పక్కన పెట్టినది తిరిగి పెట్టుకోవచ్చును. డాట్‌నెట్ వారి ఫైలు మామూలు అక్షరములతోనే ఉంటుంది. నోట్‌ప్యాడులో తెరిచి మన లెక్కలు చదువుకోవచ్చును. చదివి సేవ్ చేయకుండ మూయవలెను. మా 80, 60 మాకు దొరికినది అట్లాగే.

వెనుకకు రావటము ముందుకు పోయినంత సులభము కాదు. కొన్ని ప్రోగ్రాములు కొత్త వెర్షను ఒకసారి తాకిన అమరికలను పాత వెర్షను చేత చదవనీయవు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2019లో వచ్చిన 67వ వెర్షను నుంచి ఈ కట్టుబాటు పెట్టినది. అందుచేత నకలు తీయటము కొత్తది తెరవక ముందే జరగవలెను.

చివరకు పరీక్ష. కొత్త వెర్షనులో పాత డిజైను తెరిచి చూస్తే చాలదు. మేము మోసపోయినది అక్కడనే. చాలవరకు పాత డిజైను తన లెక్క తనలోనే మోసుకొనివస్తుంది, కొత్త డిజైనుకే అమరిక లెక్క పడుతుంది. కాబట్టి కొత్త డిజైను ఒకటి తెరిచి, అంగుళము చదరము ఒకటి, అంగుళము గుండ్రము ఒకటి గీయవలెను. గడులు లెక్కపెట్టవలెను. మా మగ్గమునకైతే అడ్డము 80, నిలువు 60 రావలెను. మీ మగ్గము లెక్క మీకు తెలుసు. తరువాత గ్రాఫు అచ్చు తీసి స్కేలుతో కొలవవలెను. ఈ రెండూ కుదిరితేనే అట్టల దుకాణమునకు ఫైలు పంపవలెను. కరెంటు జకార్డు ఉన్నవారికి అట్టల ఖర్చు లేదు గాని పట్టు, జరీ ఖర్చు ఉన్నది. వారు మాత్రము పడుగు చివర మిగిలే చెరగులో ఒక్క బుటా నేసి చూసుకోవచ్చును.

మేము ఈసారి విండోస్ 11 వేయించినప్పుడు పాత కంప్యూటరును అమ్మలేదు. కొత్తదానిలో గీసిన మొదటి చీర మగ్గము దిగేవరకు అది మూలను అట్లాగే ఉన్నది. ప్రోగ్రాము వ్రాసిన ఆయన ఆ మరచిన పంక్తి చేర్చి మరొక వెర్షను ఇచ్చినాడు. దానిని పాతది ఉన్న ఫోల్డరు పేరుతోనే కొత్త కంప్యూటరులో పెట్టి, పాత అమరికల ఫోల్డరు తెచ్చి ముందుగా దాని చోట ఉంచి, ఆ తరువాత తెరిచినాము. గడులు నిలువు పొడుగుగా వచ్చినవి. అయినా మా పిల్ల పుస్తకము తెరిచి లెక్క సరిచూచుకొన్నది. నూలు రంగుల పట్టిక దారి మాత్రము తప్పినది, అది చేతితో మార్చుకొన్నాము.